సూర్యకాంతి శాస్త్రజ్ఞుడు చామిచాన్

మార్చి నెల దాటేసరికి సోలాపూర్‌లో ఎండ ముదురుతుంది. ఊరి తూర్పు పేటలలో మగ్గాల చప్పుడు మాత్రం ఆగదు. ఇళ్ళ ముందు, మేడల మీద రంగు వేసిన నూలు దండేలకు వేలాడుతూ ఉంటుంది. పక్కా రంగైతే ఎండకు నిలుస్తుంది. కచ్చా రంగైతే నాలుగు రోజులకే వెలిసిపోతుంది. నేతపనివారి ఇళ్ళలో పుట్టిన పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

రంగు వెలిసిందంటే అర్థమేమిటి? ఎండ నూలులోని తడిని ఆర్చడమే కాక, రంగు పదార్థాన్నే మరొక పదార్థంగా మార్చివేసిందన్నమాట. కాంతి వలన పదార్థం మారడాన్ని కాంతి రసాయనిక చర్య అంటారు. రంగును చెడగొట్టే ఈ ఎండచేతనే మనకు పనికివచ్చే వస్తువులను చేయించలేమా? భూమిని తవ్వి తెచ్చిన బొగ్గుకు బదులుగా ఎండనే ఇంధనంగా మార్చుకోలేమా? నూరేళ్ళకు పూర్వమే ఈ ప్రశ్నలు వేసి, వాటికి సమాధానం వెదకడంలో సగం జీవితాన్ని గడిపిన శాస్త్రజ్ఞుడు జాకొమో చామిచాన్.

చామిచాన్ 1857వ సంవత్సరం ఆగస్టు నెలలో ట్రియెస్టె నగరంలో జన్మించాడు. ఏడ్రియాటిక్ సముద్రతీరాన ఉన్న ఆ రేవు పట్టణం ఈనాడు ఇటలీలో ఉన్నది. ఆ కాలంలో అది ఆస్ట్రియా సామ్రాజ్యంలోనిది. చామిచాన్ పూర్వులు ఆర్మీనియన్లు. వారి కుటుంబం ఇస్తాంబుల్ నుండి వలస వచ్చి ట్రియెస్టెలో స్థిరపడింది. ఆ నగరపు వీధులలో ఇటాలియన్, జర్మన్, స్లొవీన్ భాషలు కలగలసి వినిపించేవి. పూర్వుల భాష ఒకటి, వీధి భాష మరొకటి, ప్రభుత్వ భాష ఇంకొకటి. తెలంగాణ పల్లెల నుండి మగ్గాలను నమ్ముకొని వచ్చి, మరాఠీ నేలమీద స్థిరపడిన కుటుంబాల పిల్లలకు ఇటువంటి బాల్యం కొత్తగా తోచదు. అన్ని భాషల నడుమ పెరగడం చామిచాన్‌కు అడ్డంకి కాలేదు. జర్మన్ దేశాలలో చదివి, ఇటలీలో బోధించి, అమెరికాలో ప్రసంగించడానికి అదే ఆయనకు తోడ్పడింది.

ఆయన వియన్నా నగరంలో రసాయనశాస్త్రం అభ్యసించాడు. 1880లో జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరు పట్టం పొందాడు. తరువాత రోము నగరానికి వెళ్ళి, పరమాణు భారాల విషయంలో శాస్త్రజ్ఞుల గందరగోళాన్ని తొలగించిన కన్నిజారో అనే ఆచార్యుని వద్ద సహాయకుడుగా చేరాడు. అక్కడ ఆయన దృష్టి పిర్రోల్ అనే పదార్థం మీదికి మళ్ళింది. నాలుగు కార్బన్ పరమాణువులు, ఒక నైట్రోజన్ పరమాణువు వలయంగా కూడి ఏర్పడిన పదార్థమిది. ఇటువంటి వలయాలు ఆకులోని పత్రహరితంలోనూ ఉన్నాయి, మన రక్తానికి ఎరుపునిచ్చే పదార్థంలోనూ ఉన్నాయి. పిర్రోల్‌ను గురించిన పరిశోధనలే చామిచాన్‌కు మొదట పేరు తెచ్చాయి. 1887లో ఆయన పాదువా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనాడు. 1889లో బొలోన్యా విశ్వవిద్యాలయానికి వచ్చాడు. జీవితాంతం అక్కడే ఉన్నాడు.

కాంతిని గురించిన ఆలోచన రోములోనే మొలకెత్తింది. క్వినోన్ అనే పదార్థాన్ని ఆల్కహాలులో కలిపి ఎండలో ఉంచితే అది వేరొక పదార్థంగా మారుతున్నట్లు 1886లో ఆయన ప్రకటించాడు. నిప్పు లేదు, ఘాటైన ఆమ్లం లేదు. ఎండ ఒక్కటే ఆ పని చేసింది. ఈ చిన్న సంగతి ఆయన మనసులో నాటుకొన్నది.

1900 సంవత్సరం నుండి ఆయన ఈ పనిని క్రమపద్ధతిలో సాగించాడు. పాల్ సిల్బర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆయనకు కుడిభుజంగా నిలిచాడు. బొలోన్యాలోని ప్రయోగశాల మేడమీద గాజు బుడ్లు, మూతులు మూసిన గాజు గొట్టాలు వరుసలు వరుసలుగా అమర్చేవారు. ఒక్కొక్కదానిలో ఒక్కొక్క ద్రవం. వాటిని ఎండకు వదలి, మార్పు కోసం ఎదురు చూచేవారు. కొన్నిటికి వారాలు పట్టేవి, కొన్నిటికి నెలలు పట్టేవి. పుదీనా జాతి మొక్కల తైలంలో కార్వోన్ అనే పదార్థం దొరుకుతుంది. దానిని ఒక సంవత్సరంపాటు ఎండలో ఉంచిన మీదట అది పూర్తిగా కొత్త నిర్మాణం గల పదార్థంగా మారిందని 1908లో వారు ప్రకటించారు. కాంతిని రంగు ద్రవాల గుండా వడపోసి, ఈ మార్పులకు ఎర్రని కాంతికంటె నీలి, ఊదా కాంతులే ఎక్కువ తోడ్పడతాయని కూడా గ్రహించారు.

ప్రయోగశాలలలో రసాయనిక మార్పు కావాలంటే సాధారణంగా మంట పెట్టాలి, లేదా ఘాటైన పదార్థాలు కలపాలి. పచ్చని ఆకు ఈ రెండూ చేయదు. నీటిని వేళ్ళతో, కార్బన్ డయాక్సైడు వాయువును గాలినుండి తీసుకొని, చల్లని నీడపట్టున కూడా చక్కెరను తయారు చేసుకొంటుంది. దానికి కావలసిన శక్తి సూర్యకాంతి. ఆకు రహస్యం తెలిస్తే మనిషి కూడా ఆ పని చేయవచ్చునని చామిచాన్ నమ్మకం. అందుకనే ఆయన ఒకవైపు గాజు బుడ్లలోని మార్పులను పరిశీలిస్తూ, మరొకవైపు చీరో రవెన్నాతో కలిసి మొక్కలలో వివిధ పదార్థాలు ఎలా తయారవుతాయో కూడా పరిశోధించాడు.

ఈ పరిశోధన వెనుక ఒక గొప్ప చింత ఉన్నది. అది బొగ్గుయుగం. రైళ్ళు, ఓడలు, మిల్లులు అన్నీ బొగ్గుతోనే నడిచేవి. బొగ్గు ఉన్న దేశం ధనవంతమైనది, బొగ్గు లేని దేశం చేయి చాచవలసినది. ఇటలీలో ఎండకు కొదవ లేదు కాని బొగ్గు గనులు లేవనే చెప్పాలి. కావలసిన బొగ్గులో అధికభాగం ఇంగ్లండు నుండి ఓడలలో రావలసిందే. ఈ సంగతి చామిచాన్‌ను ఆలోచింపజేసింది. అసలు బొగ్గు ఎక్కడిది? కోట్ల సంవత్సరాల క్రితం ఎండను పీల్చుకొని పెరిగిన అడవులు నేలలో కూరుకుపోయి బొగ్గుగా మారాయి. అంటే బొగ్గు పాతకాలపు ఎండ. తాతలు దాచిన ధాన్యాన్ని మనుమలు విత్తకుండా తింటూ కూర్చుంటే గాదె ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఏనాటి ఎండను ఆనాడే పంటగా తీసుకోగలిగితేనే మనుష్యజాతికి నిశ్చింత అని ఆయన తలచాడు.

1912 సెప్టెంబరు 11వ తేదీన అమెరికాలోని న్యూయార్కు నగరంలో, అనువర్తిత రసాయనశాస్త్ర ఎనిమిదవ అంతర్జాతీయ మహాసభలో ఆయన ఈ విషయాన్ని గురించి ప్రసంగించాడు. కాంతి రసాయనశాస్త్ర భవిష్యత్తు ఆ ప్రసంగ విషయం. అందులో ఆయన ఒక లెక్క చూపాడు. 1909లో ఐరోపా, అమెరికాలలో తవ్విన బొగ్గు, లిగ్నైటు కలిపి సుమారు 110 కోట్ల టన్నులు. సహారా ఎడారిమీద ఒక్క రోజులో పడే ఎండలోని శక్తి 600 కోట్ల టన్నుల బొగ్గుకు సమానం. మనుషులు ఏడాదిపాటు చెమటోడ్చి తవ్వినదానికి అయిదు రెట్లకు పైగా శక్తి ఒక్క ఎడారిమీద ఒక్క పగటిలో వృథాగా పోతున్నదన్నమాట.

ఆ ఎండను పట్టడానికి తగిన ఉత్ప్రేరకాలను వెదకాలని, కాంతి సహాయంతో కార్బన్ డయాక్సైడును, నీటిని ఇంధనంగా మార్చే ఉపాయం కనిపెట్టాలని, కాంతినుండి విద్యుత్తును ఇచ్చే ఘటాలను నిర్మించాలని ఆయన సూచించాడు. పంట పండని బీడు నేలలలో గాజు గొట్టాలు, గాజు గృహాలు వెలుస్తాయని, అక్కడ పొగ లేని, పొగగొట్టాలు లేని కర్మాగారాలు పనిచేస్తాయని ఆయన ఊహించాడు. ఇందుకోసం పచ్చని పొలాలను చెరపనక్కరలేదని కూడా వివరించాడు. బొగ్గు తరిగిపోయినా సూర్యుడు ఉన్నంతవరకు నాగరికతకు లోటు రాదని ఆయన అభిప్రాయం. ఎండవల్ల మండిపోతున్న వెనుకబడిన ప్రాంతాలకు ఆ ఎండే సంపద కాగలదని ఒక శాస్త్రజ్ఞుడు ప్రపంచ సభలో చెప్పడం ఆనాటికి సామాన్య విషయం కాదు.

చామిచాన్‌కు గౌరవాలు లభించాయి. 1910లో ఆయన ఇటలీ సెనేట్ సభ్యుడైనాడు. నోబెల్ బహుమతికి ఆయన పేరును తొమ్మిది పర్యాయాలు ప్రతిపాదించారు. బహుమతి మాత్రం రాలేదు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇటలీ, జర్మనీ శత్రుదేశాలయ్యాయి. చామిచాన్, సిల్బర్‌ల కలిసికట్టు పని ఆగిపోయింది. ఎన్నో ఏళ్ళు ఒకే మేడమీద ఎండను కాచిన ఇద్దరు మిత్రులను రాజ్యాల పగ విడదీసింది. 1922 జనవరి 2వ తేదీన చామిచాన్ బొలోన్యాలో కన్నుమూశాడు. ఆ విశ్వవిద్యాలయంలోని రసాయనశాస్త్ర విభాగం నేటికీ ఆయన పేరుతోనే ఉన్నది.

ఆయన కోరిన ఇంధనం ఆయన జీవితకాలంలో లభించలేదు. కాని ఆయన వేసిన ప్రశ్న చావలేదు. భారతదేశంలో అలహాబాదులోని ఆచార్య నీలరతన్ ధర్, తరువాతి కాలంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రసాయనశాస్త్రాచార్యుడైన జి.గోపాలరావు కలిసి, కాంతి వలన అమ్మోనియా లవణాలలో కలిగే మార్పును పరిశోధించి 1931లో ప్రకటించారు. నేలలో మొక్కలకు ఎరువు తయారవడంలో ఎండకు కూడా పాత్ర ఉన్నదా అన్నది వారి ప్రశ్న.

1972లో జపాన్ శాస్త్రజ్ఞులు అకిరా ఫుజిషిమా, కెనిచి హోండా మరొక ముందడుగు వేశారు. తెల్లని రంగుల తయారీలో వాడే టైటానియం డయాక్సైడును నీటిలో ఒక ధ్రువంగా ఉంచి, ప్లాటినం లోహాన్ని రెండవ ధ్రువంగా అమర్చి, మొదటి ధ్రువంమీద కాంతిని ప్రసరింపజేశారు. ఒక ధ్రువం వద్ద ఆక్సిజన్, రెండవ ధ్రువం వద్ద హైడ్రోజన్ బుడగలుగా వెలువడ్డాయి. కాంతి నీటిని విడగొట్టింది! హైడ్రోజన్ మంచి ఇంధనం. మండితే బొగ్గులా మసి, కార్బన్ డయాక్సైడు రావు. అది తిరిగి నీరుగా మారుతుంది. చామిచాన్ న్యూయార్కులో ప్రసంగించిన 60 ఏళ్ళకు ఆయన ఆశకు ఒక రూపం కనిపించింది.

టైటానియం డయాక్సైడు ఈ పని ఎలా చేసింది? రాగి తీగ గుండా విద్యుత్తు సులువుగా పోతుంది, గాజు గుండా పోదు. ఈ రెంటికి నడుమ ఉండేవి అర్ధవాహకాలు. తగినంత శక్తి గల కాంతి పడినప్పుడు అర్ధవాహకంలోని ఎలక్ట్రాన్ తన చోటు విడిచి లేస్తుంది. అది విడిచిన ఖాళీని రంధ్రం అంటారు. ఎలక్ట్రాన్ నీటినుండి హైడ్రోజన్‌ను, రంధ్రం ఆక్సిజన్‌ను వెలువరింపజేస్తాయి. అయితే ఒక చిక్కు ఉన్నది. ఎలక్ట్రాన్, రంధ్రం ఉపరితలాన్ని చేరకముందే తిరిగి కలిసిపోతే కాంతి వృథా అవుతుంది. అందుకనే శాస్త్రజ్ఞులు అర్ధవాహకాన్ని నానో కణాలుగా చేస్తున్నారు. మీటరులో నూరుకోట్లవ వంతును నానోమీటరు అంటారు. కణం అంత చిన్నదైతే లోపలినుండి ఉపరితలానికి దూరం తగ్గుతుంది. బెల్లపు గడ్డను పొడిగా కొడితే నీటిలో త్వరగా కరిగినట్లే, నీటికి తగిలే ఉపరితలం కూడా ఎంతో పెరుగుతుంది.

రెండవ చిక్కు రంగుకు సంబంధించినది. టైటానియం డయాక్సైడు తెల్లనిది. తెల్లని వస్తువు కంటికి కనిపించే కాంతిని దాదాపు అంతా వెనుకకు పంపివేస్తుంది. అది వాడుకొనేది అతినీలలోహిత కాంతిని మాత్రమే. ఎండలోని శక్తిలో అది సుమారు ఇరవయ్యో వంతు. పసుపుపచ్చని కాడ్మియం సల్ఫైడు వంటి రంగుగల అర్ధవాహకాలు ఎక్కువ కాంతిని పట్టగలవు. కాని వాటిలో కొన్ని నీటిలో, వెలుతురులో తామే చెడిపోతాయి. నేతపనివారి మాటలలో చెప్పాలంటే అవి కచ్చా రంగులు. ఎండను బాగా పట్టాలి, ఎండకు తాను నిలవాలి. అటువంటి పక్కా పదార్థం కోసం ప్రపంచమంతటా వెదకులాట జరుగుతున్నది.

2021లో జపాన్‌లో 100 చదరపు మీటర్ల వైశాల్యం గల పలకలమీద ఎండతో నీటిని విడగొట్టిన ప్రయోగాన్ని ప్రకటించారు. పలకలమీద పడిన ఎండ శక్తిలో హైడ్రోజన్‌గా మారినది ఎక్కువలో ఎక్కువ నూటికి 0.76 వంతు. ఈ పద్ధతి ఇంటింటికీ రావాలంటే ఇంకా ఎంతో కృషి జరగాలి. ఈనాటికీ ప్రపంచంలో హైడ్రోజన్‌ను ఎక్కువగా సహజవాయువు నుండి, బొగ్గు నుండే తయారు చేస్తున్నారు.

ఇటలీ చింత సోలాపూర్‌కు కూడా చెందినదే. చామిచాన్ ఇరవయ్యేళ్ళ యువకుడుగా ఉన్న 1877లోనే ఇక్కడ జూనీ మిల్లు వెలిసింది. అది ఆవిరి యంత్రాల కాలం. నీటిని ఆవిరిగా మార్చాలంటే బొగ్గును కాల్చాలి. మిల్లుల కాలం గడిచి మరమగ్గాల కాలం వచ్చింది. మరమగ్గానికి విద్యుత్తు కావాలి. 2017, 2019 సంవత్సరాలలో సోలాపూర్ దగ్గర రెండు భాగాలుగా పనిచేయ నారంభించిన 1320 మెగావాట్ల విద్యుత్కేంద్రం కూడా బొగ్గుతో నడిచేదే. బొగ్గు దూరం నుండి రైళ్ళలో వస్తుంది. ఎండ మాత్రం అడగకుండానే ప్రతి ఉదయం మన మేడలమీదికి వస్తుంది. ఇళ్ళ కప్పులమీద కనిపించే సౌరఫలకాలు ఆ ఎండనుండి విద్యుత్తును తీస్తున్నాయి. కాని విద్యుత్తును రాత్రికి దాచిపెట్టడానికి ఖర్చుతో కూడిన బ్యాటరీలు కావాలి. ఎండను ఇంధనంగా మార్చి గాదెలోని ధాన్యంలా నిలువ చేసుకోవడమే చామిచాన్ విడిచి వెళ్ళిన పని.

మగ్గంమీద పడుగు ఒకరు పోస్తారు, అల్లిక మరొకరు పూర్తిచేస్తారు. గుడ్డ మాత్రం ఒక్కటే. చామిచాన్ పడుగు పోసి వెళ్ళాడు. ఆ మగ్గం దగ్గర కూర్చోవలసినవారు ఇంకా రావలసి ఉన్నది. వారు ఏ భాష మాట్లాడే ఇంటినుండి, ఏ పేటనుండి వస్తారో ఎవరు చెప్పగలరు? ఎండలో ఆరే నూలును రోజూ చూచే పిల్లలు, దాని రంగు ఎందుకు వెలిసిందని ఒక్కసారి ఆలోచిస్తే చాలు, ఆ దారిలో మొదటి అడుగు వేసినట్లే.

కొత్త పదాలు – అర్థాలు

దండెము = బట్టలు, నూలు ఆరవేసే తాడు
పట్టము = విశ్వవిద్యాలయమిచ్చే యోగ్యతాపత్రం
ఉత్ప్రేరకము = తాను ఖర్చు కాకుండా రసాయనిక చర్యను వేగపరచే పదార్థం
అర్ధవాహకము = విద్యుత్తును కొంతవరకు మాత్రమే ప్రసరింపనిచ్చే పదార్థం
గాదె = ధాన్యం నిలువ చేసే చోటు
పడుగు = మగ్గంమీద నిలువుగా సాగదీసిన పోగులు

అభ్యాసం

అ) ఈ ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. చామిచాన్ ఎప్పుడు, ఎక్కడ జన్మించాడు?
2. బొగ్గును పాతకాలపు ఎండ అని ఎందుకు అనవచ్చు?
3. అర్ధవాహకాన్ని నానో కణాలుగా చేయడం వలన కలిగే లాభాలేవి?

ఆ) ఈ ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. చామిచాన్ తన న్యూయార్కు ప్రసంగంలో చేసిన సూచనలను వివరించండి.
2. ఎండతో నీటిని విడగొట్టడంలో ఉన్న చిక్కులేవి? వాటిని కచ్చా రంగు, పక్కా రంగులతో పోల్చి వ్రాయండి.

ఇ) విగ్రహవాక్యాలు వ్రాసి, సమాసాల పేర్లు తెలపండి.
సూర్యకాంతి, రెండు ధ్రువాలు, సముద్రతీరం

ఈ) ఒకే రంగు గుడ్డముక్కలు రెండు తీసుకొని, ఒకదానిని ఎండలో, మరొకదానిని చీకటి పెట్టెలో నెలరోజులు ఉంచండి. మీరు గమనించిన మార్పులను తరగతిలో చెప్పండి.